మా ఆవిడ మనసు దోచిన జర్మన్ చిత్రకారుడు

నా కాపురంలో చిచ్చు పెట్టినవాడు జర్మనీలో పుట్టాడు. మా తాతగారు ఇంకా అ ఆలు దిద్దుకుంటున్న రోజుల్లో వాడి పేరు యూరప్ అంతా మోగిపోయిందట. ఆ పేరు చెప్పను. ఇప్పటికే మ్యూజియం గోడ మీద అంతంత అక్షరాలతో ఉంది. దానికి నేను కూడా ప్రచారం చేశానంటే నా అంత వెర్రిబాగులవాడు మిషిగన్ రాష్ట్రంలో ఇంకొకడుండడు.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉందని మా ఆవిడ మ్యూజియంలో వాలంటీర్ గైడ్‌గా చేరింది. "నేనున్నానుగా, బోసేమిటి?" అన్నాను. "అందుకే" అంది.

ట్రైనింగ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో చిత్రకారుణ్ణి ఎంచుకోవాలట. ఈవిడ వెతికి వెతికి వీణ్ణి పట్టుకుంది. ఎక్స్‌ప్రెషనిజం ఇంకా పాలు తాగే వయసులో ఉన్నప్పుడు దాని ఉయ్యాల ఊపినవాళ్ళలో వీడొకడు. కంటికి కనిపించేది కాదు, గుండెలో కుతకుతలాడేది గీయాలన్నది వాళ్ళ పంతం. అప్పటినుంచి నోవైలోని మా ఇంట్లో ముగ్గురం కాపురం ఉంటున్నాం. పోపులో ఆవాలు చిటపటలాడేలోపే వాడి ప్రస్తావన వచ్చేస్తుంది. "పాపం, కాన్వాస్ కొనలేక ఒకే గుడ్డకి రెండు వైపులా బొమ్మలేశాడండీ!" అని గరిటె చేతిలో ఉండగానే కళ్ళు ఒత్తుకుంటుంది. మనుషులు అంతరిక్షంలోకి వెళ్ళిన కాలంనాటి స్నో జాకెట్‌కి జిప్పు ఊడిపోతే పిన్నీసులు పెట్టుకుని తిరుగుతున్నాను నేను. నా కోసం ఆ కళ్ళు ఏనాడూ చెమ్మగిల్లలేదు.

పైగా నేను కార్లకు వేసే రంగుల ఇంజినీర్ని. తలుపు రంగుకీ బానెట్ రంగుకీ వెంట్రుకవాసి తేడా వస్తే ఫ్యాక్టరీ మొత్తాన్ని ఆపించే రాక్షసుణ్ణి. ఒక్క ఎరుపులోనే నాకు వెయ్యిన్నొక్క ఎరుపులు కనిపిస్తాయి. ఇన్నేళ్ళలో నా విద్య గురించి మా ఆవిడ అడిగిన ప్రశ్న ఒకే ఒక్కటి: "సిల్వర్ కలర్ మీద మురికి కనపడదటగా?" అలాంటి మనిషి, ఒక ఆడమనిషి మొహానికి సగం పసుపూ సగం ఆకుపచ్చా పులిమిన బొమ్మ ముందు నోరు తెరుచుకుని నిలబడుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అలా చూడలేదు. నా ఏడుపంతా ఆ చూపు కోసమే. అది ఒక్కసారి నావైపు తిరిగితే చాలు.

"నాన్నా, యూ ఆర్ జెలస్ ఆఫ్ ఎ డెడ్ గై!" అని మా అమ్మాయి వీడియో కాల్‌లో పడీ పడీ నవ్వింది.

"బతికున్నవాడైతే ఇంటికి పిలిచి కాఫీ పోసి లొసుగులు లాగేవాణ్ణమ్మా. చచ్చినవాణ్ణి ఎలా పట్టుకోను?"

పుస్తకాల్లో పట్టుకున్నాను. లైబ్రరీ నుంచి తెచ్చి ఆఫీసు డ్రాయర్లో దాచి, లంచ్ టైములో ఎవరైనా వస్తే స్ప్రెడ్‌షీట్ కాగితాల కింద తోసేస్తూ చదివాను. దొరికింది లొసుగు! తనే అందరికంటే ముందు వేసినట్టు కనిపించాలని పాత బొమ్మల మీద తేదీలు వెనక్కి దిద్దేవాడట. ఫ్రాన్సులో ఎవరో తనకంటే ముందే ఇలా వేశారని ఎవరైనా అంటే ప్రాణం గిలగిల్లాడేదట. ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా గంతేశాను. ఆ తర్వాత మాత్రం సగం తిన్న సాండ్‌విచ్ మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. అంత గొప్పవాడూ పక్కవాణ్ణి చూసి కుళ్ళుకుని చచ్చాడా! తిడదామంటే నోరు రాలేదు. దగ్గర చుట్టం ఎదురైనట్టుంది.

మా ఆవిడ మొదటి టూరు మా గుడి సీనియర్స్ బృందానికి, తెలుగులో. "మీరు రావద్దు, జోకులేస్తారు" అంది ముందే. దేవుడు నా పక్షాన మంచు కురిపించాడు. మంచులో కారు నడపాలంటే ఆవిడకి భయం కాబట్టి డ్రైవర్ హోదాలో వెళ్ళాను.

ఆ సగం పసుపు మొహం బొమ్మ ముందు ఆవిడ భక్తిగా గొంతు తగ్గించేసరికి, ఇద్దరు ఆంటీలు గుడేమో అనుకుని మంచు బూట్లు విప్పి గోడవారగా పెట్టేశారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు వెనక నుంచి ఒక అంకుల్ గొంతు ఉరిమింది.

"ఏందమ్మా ఇది? మొహం గడ్డి లెక్కున్నది! మా మనవడు ఇంతకన్న మంచిగ గీస్తడు."

అందరూ ఘొల్లున నవ్వారు. "అది... ఎమోషన్ అంకుల్... లోపలి ఫీలింగ్..." అంటూ మా ఆవిడ తడబడింది. నేర్చుకున్నదంతా గాలికి ఎగిరిపోయింది. "కాఫీ యాడ దొరుకుతదమ్మా?" అంటూ జనం కదిలిపోతున్నారు. ఆవిడ గైడ్ బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పుకుంటోంది.

ఆ అంకుల్ అన్న మాటే ఇన్నాళ్ళూ నేను రోజుకో రకంగా అంటున్నాను. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. నా శత్రువుని నేను తిట్టుకోవాలి గానీ, మధ్యలో ఈయనెవరు?

"అంకుల్, ఒక్క నిమిషం. ఆంటీ పసుపు రాసుకునేవారా?"

"రాసుకోకేంది, ప్రతి శుక్రవారం!" అంది పక్కనున్న ఆంటీ, ఆయనగారి భార్య.

"నీలం సున్నం వేసిన గోడ పక్కన నిలబడితే, ఎండ పడని చెంప ఏ రంగులో కనిపించేది?"

అంకుల్ బొమ్మను చూశాడు. ఆంటీని చూశాడు. మళ్ళీ బొమ్మను చూశాడు. "పచ్చిగడ్డి రంగే కొడ్తుండె" అన్నాడు మెల్లగా.

"అబ్బో! అంటే నా దిక్కు ఎప్పుడన్న చూసిండ్రన్నమాట!" అంది ఆంటీ. హాలు హాలంతా ఘొల్లుమంది. కాఫీకి వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చారు.

అక్కడ ఆగాలి. ఆగితే నేను నేనెందుకవుతాను? తేదీలు దిద్దిన కథ కూడా ఎత్తుకున్నాను. నా కథనంలో వాడు దీపం ముందు కూర్చుని, పళ్ళు కొరుకుతూ, కుంచె కొసతో అంకెలు చెరిపాడు. "పాపం, మనసున్న మనిషి" అని ఆంటీలు నిట్టూర్చారు. "బాబూ, వచ్చే టూరు కూడా నువ్వే చెప్పాలె" అని అంకుల్ నా చెయ్యి పట్టుకున్నాడు. అందరూ నా చుట్టూ మూగారు. గైడ్ బ్యాడ్జీ పెట్టుకున్న మా ఆవిడ పక్కన ఒంటరిగా నిలబడింది.

కారెక్కగానే వైపర్లు వేశాను. ఫ్రీవే ఎక్కాక మా ఆవిడ పేలింది.

"ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"నువ్వు ఇబ్బంది పడుతున్నావని..."

"పసుపు వరకూ ఓకే. నిజంగా బాగా చెప్పారు. తేదీల సంగతెందుకు? అది లాస్ట్‌లో చెప్దామని దాచుకున్నా! అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేశానో తెలుసా? ఆయన నా ఆర్టిస్టు!"

"పుస్తకంలో ఉంది కదా అని..."

"పుస్తకమా? మీరు చదివారా? ఏ పుస్తకం? ఎప్పుడు చదివారు? నాకంటే ముందేనా?" సీటు బెల్టు సాగదీసి మరీ పూర్తిగా నావైపు తిరిగింది. మొహం జేవురించింది. ఎదురుగా వచ్చే లైట్లు పడినప్పుడల్లా ఒక చెంప మంకెన పువ్వులా, రెండోది వంకాయలా కనిపిస్తోంది. కళ్ళు మాత్రం నన్ను వదలడం లేదు. "ఆ బొమ్మలో మీకసలు ఏం నచ్చింది? చెప్పండి, వింటాను!"

మా ఇంటికి తిరగాల్సిన నోవై ఎగ్జిట్ వచ్చింది. సిగ్నల్ వెయ్యకుండా తిన్నగా పోనిచ్చాను.