దొరసానికి బూడిద

బాలాత్రిపురసుందరి మడి సంగతి లింగంపల్లి స్టేషను దాకా తెలుసు. డెబ్భైల మొదట్లో భర్త ఉద్యోగం వెంట కాకినాడ నుంచి వచ్చి, రాళ్లగుట్టల పక్కన కిరాయి ఇంట్లో దిగిన నాడే ఆవిడ అక్కడి దుమ్ము మీద యుద్ధం ప్రకటించింది. దుమ్ము ఓడిపోలేదు. ఆవిడా ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లో బూడిదకు కూడా ఎక్కువ తక్కువలుండేవి. వంటపొయ్యి బూడిద మడిది. దాన్ని జల్లించి, కొబ్బరిపీచుతో ఇత్తడి చెంబులు తోమేది. స్నానాలకు నీళ్లు కాచే రంపపుపొట్టు పొయ్యి బూడిద మైలది. అది దొడ్లో పాదులకు పోయేది. ఈ రెండూ కలిస్తే ప్రళయం వస్తుందని ఏ శాస్త్రంలోనూ లేదు గాని, ఆవిడ జాగ్రత్త ఆవిడది. చెంబులు మాత్రం, వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగేముందు బొట్టు సరిచేసుకునేటంత తళతళలాడేవి.

పిట్టగోడకు అవతల నీలమ్మ ఉండేది. రాయదుర్గం గుట్టల్లో సీతాఫలాలు కోసుకొచ్చి గంపకెత్తి అమ్మిన మనిషి. ఇంట్లో ఆవిడకు తోడు ఒక ముసలి పిల్లి. దాని పేరు దొరసాని. చిన్నప్పటి నుంచి ఊళ్లో దొరసానులకు భయపడి చాకిరీ చేసిన నీలమ్మ, ఇష్టపడి చేసింది ఈ ఒక్క దొరసానికే.

మధ్యాహ్నం పూట ఇద్దరూ గోడకు చెరోవైపు కూచుని కబుర్లాడుకునేవారు. నీలమ్మ పండిన కాయలు ఏరి గోడ మీద పెట్టేది. సుందరి వాటి మీద నీళ్లు చిలకరించి తీసుకునేది. ఇందులో చిన్నబుచ్చుకోవడానికేమీ లేదని సుందరి అనుకునేది. నీలమ్మ ఏమనుకునేదో ఎప్పుడూ అడగలేదు.

ఒక చలికాలం నీలమ్మ రొమ్ముపడిశంతో దవాఖానలో చేరి, మళ్లీ రాలేదు. చూడబోయిన సుందరి మంచానికి జానెడు దూరంలో నిలబడింది. నీలమ్మ చెయ్యి చాపింది. ఏం తోచిందో, సుందరి తన చెయ్యి అందులో పెట్టింది.

"దొరసానిని జర చూస్కో సుందరమ్మా. దానికి రెండు మెతుకులు, ఇంత బూడిద ఉంటె సాలు. ఇంకేం అడగది."

సుందరి సరేనంది. ఇంటికొచ్చి తలస్నానం చేసింది. ఒంటి మీది మైల పోయింది గాని, ఇచ్చిన మాట పోలేదు.

నీలమ్మ అన్నకొడుకు ఎల్లేశం వచ్చి, కర్మ జరిపించి, ఇంటికి తాళం వేశాడు. పిల్లి మాటెత్తితే, పిల్లే కద, ఎట్లనో బతుకుతది అని వెళ్లిపోయాడు. దొరసాని గోడ దిగి సుందరి వెనకవసారాలోకి వచ్చింది. ఒక కన్ను మసకబారింది, తోక సగం బొచ్చు ఊడింది, నడక మాత్రం జమీందారీ తనిఖీకి వచ్చినట్టుంది.

సుందరి ఏర్పాట్లు ఘనంగా చేసింది. పాత సబ్బులపెట్టెకు అడుగున రేకు వేయించి వసారాలో పెట్టించింది. అన్నం ఒక చిప్పలో, పాలు ఇంకో చిప్పలో. బూడిద దగ్గరే ధర్మసందేహం వచ్చింది. చెంబులు తోమే బూడిద పిల్లి దొడ్డికెళ్లడానికి ఇవ్వడమా? చివరికి పొట్టు పొయ్యి బూడిదే ఖాయమైంది. రోజూ పొద్దున్నే, స్నానాలు కాగానే, పొడుగాటి గరిటెతో ఎత్తి, దూరం నుంచే పెట్టెలో పోసేది.

మొదటిరోజు దొరసాని పెట్టెలోకి దిగి, గట్టిగా అరిచి బయటికి దూకింది. నీలమ్మ గుర్తొచ్చి ఉంటుందని సుందరి కళ్లొత్తుకుంది. ఆ తర్వాత అది పెట్టె మొహం చూడలేదు. మెత్తగా, చల్లగా ఉన్న చోటల్లా దానికి మరుగుదొడ్డి అయింది. మొదట తడిగుడ్డల బుట్ట, తర్వాత భర్త భీమేశ్వరరావుగారి పరుపు, ఆ తర్వాత ఆయన ఆఫీసుకు మడతపెట్టుకున్న చొక్కా. మిగతా వేళల్లో మూల కూచుని పాదాలు నాక్కుంటూ ఉండేది. గంటల తరబడి నాకేది.

"చూశారా, దానికీ మడి ఉంది" అని సుందరి మురిసిపోయింది.

భీమేశ్వరరావు మురవలేదు. ఆయన సర్కారు గుమాస్తా. ఎదుటివాళ్లు చెప్పింది పూర్తిగా విని, తర్వాత తిరస్కరించే పద్ధతి ఆయనది. పిల్లి కొద్దిగా కుంటుతున్నట్టుందని సుందరి అంటే, వయసు మీద పడిందిలే అన్నాడు. తన మోకాళ్లు కూడా అలాగే ఉన్నాయనీ, అంతమాత్రాన తాను పరుపు తడపడం లేదనీ గుర్తుచేశాడు.

సుందరి పెట్టెను కడిగించింది, చోటు మార్చింది, పసుపునీళ్లు చల్లింది, పిల్లిని కూచోబెట్టి నీలమ్మ పేరు చెప్పి బతిమాలింది. బూడిద మాత్రం రోజూ తాజాగా పోసింది. ఆ విషయంలో ఆవిడకు లోపమన్నది లేదు.

ఒక శనివారం దండెం మీద ఆరిన మడిచీర కిందికి జారింది. దొరసాని దాని మీద చేరింది. ఆదివారం భీమేశ్వరరావు గోనెసంచి తీశాడు. సుందరి వద్దనలేదు. సంచి మూతి తెరిచి పట్టుకున్నది కూడా ఆవిడే. దొరసాని పెనుగులాడలేదు. మెత్తగా ఉంది కదా అన్నట్టు లోపలికెళ్లి కూచుంది. ఆయన సంచిని సైకిలు వెనక కట్టుకుని రాయదుర్గం గుట్టల వైపు తొక్కాడు. అక్కడ ఎలుకలూ తొండలూ బోలెడని, పిల్లికి అంతకంటే ఏం కావాలని, వెళ్తూ తనకు తానే చెప్పుకున్నాడు.

సోమవారం స్నానాలయ్యాయి. సుందరి అలవాటు చొప్పున పొట్టు పొయ్యి బూడిద గరిటెతో ఎత్తి పెట్టెలో పోసింది. పోశాక గుర్తొచ్చింది, పిల్లి లేదని. ఇక ఎవరి కోసం ఈ మడి అనుకుందో ఏమో, వంగి, మొదటిసారిగా చెయ్యి పెట్టి బూడిద దోసిట్లోకి ఎత్తబోయింది.

పైన నివురు చల్లగా ఉంది. రెండంగుళాల కింద పొట్టు ఇంకా ఎర్రగా రగులుతోంది.

ఆవిడ చటుక్కున చెయ్యి లాక్కుంది. కాలిన వేళ్లు నోట్లో పెట్టుకుంది. అలా చప్పరిస్తూనే మూలకేసి చూసింది, గంటల తరబడి పాదాలు నాక్కుంటూ పిల్లి కూచున్న మూలకేసి.

భీమేశ్వరరావు ఆఫీసుకు బయల్దేరబోతుంటే వేళ్లు చూపించింది.

"ఏమండీ, రోజూ నిప్పులే పోశానండీ దాని పెట్టెలో."

ఆయన వేళ్లు చూశాడు, పెట్టె చూశాడు. ఈసారి తిరస్కరించడానికేమీ దొరకలేదు. ఉద్యోగంలో చేరాక ఎన్నడూ లేంది, ఆఫీసు రైలు వదిలేసి సైకిలెక్కాడు. సాయంత్రం ప్యాంటు నిండా పల్లేరుకాయలతో, ఖాళీ సంచితో వచ్చాడు. గుట్టల్లో దొరసానీ, దొరసానీ అని పిలుస్తుంటే మేకలవాళ్లు నవ్వారని చెప్పి, చెప్పులు విడిచి, అన్నం వద్దన్నాడు.

తర్వాత ఆదివారాలు ఇద్దరూ కలిసి వెళ్లారు. చీరకుచ్చెళ్లు ఎగదోపి, మడి సంగతి మరిచి, ప్రతి రాతి సందులో చూసిందావిడ. గుట్టలన్నీ ఒకటే రంగు, పిల్లి రంగు. దొరసాని కనిపించలేదు.

సబ్బులపెట్టె ఇప్పుడు పిట్టగోడకు అవతల, నీలమ్మ తాళం వేసిన గుమ్మం ముందుంది. సుందరి రోజూ వంటపొయ్యి బూడిద రాత్రంతా ఆరనిచ్చి, జల్లించి, అందులో అరచెయ్యి ఆనించి చూసుకుని పోస్తుంది. పిల్లి వస్తే మొదట తన పాత ఇంటికే వస్తుందని ఆవిడ నమ్మకం.

ఆ వేసవిలో కాకినాడ నుంచి ఆడపడుచు పద్మావతి వచ్చింది. మంచినీళ్ల చెంబు అందుకుని, బొట్టు చూసుకోబోయి ఆగిపోయింది.

"ఇదేమిటి వదినా, నీ చెంబులు ఇలా నల్లబడిపోయాయి?"

"బూడిద చాలడం లేదు" అంది సుందరి.