గోడకు దక్షిణం వైపు

1968 జనవరిలో నన్ను శృంగవరపుకోట సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. సెక్షన్ అంటే మా శాఖలో అన్నిటికన్నా కింది మెట్టు. దాని మీద సబ్ డివిజన్, ఆ మీద డివిజన్. నాకు అప్పగించిన మొదటి పని దగ్గర్లోని ఒక ఊళ్లో సంత షెడ్డు. రోడ్డు వార కూరలమ్ముకునే ఆడవాళ్లకు నీడ కావాలని పంచాయతీ కోరింది.

స్థలం చూడడానికి ఆ నెలలోనే, మిట్టమధ్యాహ్నం వెళ్లాను. పొద్దు దక్షిణానికి వాలి ఉంది. కాలేజీ పుస్తకంలోనూ అలాగే ఉంది. దక్షిణం ఎండ, ఉత్తరం నీడ. కనుక తూర్పు పడమరలుగా పొడవాటి షెడ్డు, దక్షిణాన నిండు గోడ, రోడ్డున్న ఉత్తరం వైపు గోడ లేకుండా ఖాళీ. నా తెలివికి నేనే మురిసిపోయి, నక్షాలో ఉత్తరాన ‘ముందు’ అనీ దక్షిణాన ‘వెనుక’ అనీ గుండ్రటి అక్షరాలతో రాశాను.

నేను టేపు పట్టి కొలుస్తుంటే తోటకూర అమ్మే అప్పలనర్సమ్మ వచ్చి నిలబడింది.

“గోడ అటేపు కడతన్నారేటి బాబూ? ఇప్పుడు పొద్దు అటున్నాది. ఏసంగికి ఇటు తిరుగుతాది. అప్పుడు నా కూర ఏటైపోద్ది?”

ఉత్తరాయణమనే మాట పంచాంగంలో ఉందని నాకూ తెలుసు. అది ఎస్టిమేటులోకి వస్తుందని ఎవరూ చెప్పలేదు. ‘స్థానికులను సంప్రదించడమైనది. అభ్యంతరములు లేవు’ అని నివేదిక రాసి పైకి పంపాను.

ఏప్రిల్ ఆఖరుకు షెడ్డు పూర్తయింది. పంచాయతీ గోడ మీద నంబర్లు వేయించి మనిషికో చోటు ఇచ్చింది. ఇక రోడ్డు వార ఎవరూ కూర్చోరాదని దండోరా కూడా వేయించింది. మే నెల సగం దాటాక పొద్దున ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి బుట్టల మీద పడసాగింది. బేరాలు సాగేది సరిగ్గా ఆ వేళల్లోనే. గంటసేపు ఎండ తగిలిన తోటకూరను ఇక పశువులే కొనాలి.

జూన్‌లో ఒకనాటి పొద్దున ఏడింటికి డివిజన్ పెద్ద, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారు. షెడ్డులో నంబర్లు తప్ప ఎవరూ లేరు. గోడ అవతల మాటలు వినిపించి వెళ్లి చూశాం. అందరూ గోడ నీడన వీపు ఆనించి కూర్చున్నారు, అదీ నంబర్ల వరస తప్పకుండా.

మాతో వచ్చిన పంచాయతీ అధికారి చేతిలో నోటీసు సిద్ధంగా ఉంది. మొదట లేచి వెళ్లింది అప్పలనర్సమ్మేననీ, ఆమె చోటు రద్దు చేస్తే మిగతావాళ్లు దారికొస్తారనీ ఆయన వాదన.

“రోడ్డు మీద కూకోనీరు, ఈడా కూకోనీరు. మరేటి తిని బతకమంటారు బాబూ?” అందామె. ఆయనతో కాదు, నాతో.

నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నోరు మూసుకుంటే ‘అమ్మకందారులు సహకరించుట లేదు’ అన్న వాక్యంతో కాగితం ముగిసిపోయేది. భయం వేసింది. అంతకు మించి సిగ్గేసింది. ఆమె జనవరిలోనే చెప్పిందనీ, నేను రాయలేదనీ ఒప్పుకున్నాను.

ఇంజనీరు గారు నక్షా తెప్పించుకుని ‘వెనుక’ అన్న మాటను ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. నా కాలేజీ పుస్తకం రాసిన దొర దేశంలో పొద్దు నడినెత్తి దాటి ఉత్తరానికి ఎన్నడూ వెళ్లదనీ, మన దగ్గర ఏటా వెళ్తుందనీ అన్నారు. నోటీసు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. నాకు మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు.

మరుసటి వేసవిలోగా కప్పును గోడ దాటించి దక్షిణానికీ దించాం. ఒక్కో నంబరుకు రెండు చోట్లు, కాలాన్ని బట్టి ఇటో అటో. పని చూడడానికి వెళ్తే అప్పలనర్సమ్మ, “ఈపాలి ఏ నెల్లో సూసి కట్టినారు?” అని అడిగింది.

ఒక చోటి ఎండను కొలవాలంటే ఏడాది పడుతుంది. అన్నాళ్లు ఆగనిచ్చే శాఖ ఏదీ లేదు. కనుక అక్కడ ఏడాదంతా కూర్చునే మనిషిని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి.