నాయన నాలుక

మొన్న మా ఇంటికి నీళ్ల ఫిల్టరు బిగించడానికి వచ్చినాయన గ్లాసులో బోరు నీళ్లు పట్టి, రెండు చుక్కలు ఏదో మందు వేసి, రంగు చూసి పెదవి విరిచాడు. ఈ నీళ్లకు సబ్బు నురగ రాదనీ, పప్పు ఉడకదనీ నాకు చెప్పాడు. అనంతపురం జిల్లాలో పుట్టి, ఇక్కడే అరవై దగ్గరపడినదాన్నని పాపం ఆయనకేం తెలుసు. నవ్వుకుంటూ వింటున్నాను. అంతలో ఆయన సంచీలోంచి సన్నటి కాగితం ముక్కల కట్ట తీసి, ఒకదాన్ని గ్లాసులో ముంచబోయాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయి, ఆయన పని ముగించుకుని పోయేదాకా బయటికి రాలేదు. ఆ కాగితం రంగు మారడం నేను చూడలేను.

మా నాయన ధర్మవరంలో పట్టుకు రంగులు అద్దేవాడు. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు రాగి గంగాళాలు. పచ్చి పట్టుకు ఒంటినిండా జిగురుంటుంది. సబ్బూ చాకలి సోడా కలిపిన నీళ్లలో ఉడికిస్తేనే అది వదిలి, పట్టుకు మెరుపొస్తుంది, రంగు పడుతుంది. సోడా ఎంత వేయాలన్నది నాయన తూచి ఎరగడు. నీళ్లు కాగకముందే చిటికెన వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, తుపుక్కున ఉమ్మి, "ఇంగ రవ్వంత" అనో "సాలు" అనో అనేవాడు. షావుకార్లు ఆ నాలుకను నమ్మే పట్టు పంపేవారు. అదే నాలుక మా అమ్మ పులుసులో ఉప్పు మరిచిపోయినప్పుడు మాత్రం కనిపెట్టేది కాదు. కనిపెట్టినా చెప్పే ధైర్యం ఆయనకు లేదేమో. పెళ్లిళ్ల కాలంలో ఆయన చేతులు మోచేతుల దాకా ఒకరోజు చిలకపచ్చగా, మరునాడు వంగపండు రంగులో ఉండేవి, ఆ చేతులతోనే నాకు జడ వేసేవాడు.

ఎనభైల మొదట్లో నేను పదో తరగతిలో ఉన్నాను. మా సైన్సు సారు కోస్తా నుంచి వచ్చినాయన. బడి మొత్తానికి లిట్మస్ కాగితాల పుస్తకం ఒక్కటే ఉండేది. దాన్ని ఆయన కత్తెరతో దారప్పోగుల్లా కత్తిరించి మనిషికో ముక్క పంచేవాడు. ఆమ్లంలో నీలం ఎరుపవుతుంది, క్షారంలో ఎరుపు నీలమవుతుంది. నాకది గారడీలా ఉండేది. "ఏ రసాయనాన్నీ రుచి చూడకూడదు. నాలుక మీద పెట్టుకున్నారంటే మీ చావుకు నేను బాధ్యుణ్ణి కాదు," అని పాఠం మొదట్లో ఒకసారీ చివర్లో ఒకసారీ అనేవాడు. సాయంత్రం ఆ పాఠాలన్నీ నాయనకు అప్పజెప్పేదాన్ని. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి మరీ వినేవాడు. ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఉప్పు పుడుతుందని చెప్పిన రోజున, "ఇన్నేండ్లు తింటాండాం, ఒక్కరూ చెప్పలేదు సూడు," అని ఆశ్చర్యపోయాడు.

ఆ ఏడు వానలు వరసగా రెండోసారి మొహం చాటేశాయి. మా పెరటి బావి నీళ్లు మెత్తగా పట్టుకు బాగా పడేవి. ఆ బావి ఎండిపోయింది. దూరంనుంచి బోరు నీళ్లు మోసుకొచ్చి గంగాళంలో పోస్తే సబ్బు విరిగి తెట్టులా పైకి తేలేది. జిగురు సరిగా వదలక రంగు మచ్చలు మచ్చలుగా పట్టేది. ఒక్కొక్క షావుకారే మానుకోగా చివరికి ఒక్కరు మిగిలారు. ఆయన పట్టు లడీల, అంటే పట్టుపోగుల చుట్టల, మూట దించి, "అన్నా, ఈ దఫా గూడా మచ్చలు పడితే నేను వేరే తావ సూసుకోవాల్సి వస్తాది," అని చెప్పి పోయాడు. ఆ మూట బాగా వస్తేనే మా కొట్టం నిలుస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు.

నా పుస్తకంలో జవాబుంది. కఠిన జలంలో చాకలి సోడా వేస్తే మృదువవుతుంది. సోడా రెండింతలు వేయమని నాయనకు చెప్పాను. ఇంట్లో ఉన్నది చాలదు. అంగడికి పోతే చాకలి సోడా అయిపోయింది, కాస్టిక్ సోడా ఉంది. సబ్బులు చేసేవాళ్లు తీసుకుపోతారని అంగడాయన చెబితే, అదే కట్టించుకుని వచ్చాను. బడిలో దాచుకున్న రెండు ఎర్ర లిట్మస్ ముక్కలు తీసి, రెండు గిన్నెల నీళ్లలో ఒక్కో సోడా విడివిడిగా కలిపి ముంచాను. రెండూ ఒకే నీలానికి మారాయి. "రెండూ క్షారాలే నాయనా, ఒకటే," అన్నాను. ఆ కాగితం క్షారమా కాదా అన్నది చెబుతుంది గాని, అది ఎంత బలమైనదో చెప్పదు. ఆ సంగతి మాకింకా చెప్పలేదు, అడగాలని నాకు తోచనూ లేదు.

"నూలుకు వాడతారని విన్నా గాని, పట్టుకు ఏసేది నేను సూడలేదు పాపా," అంటూనే నాయన దాన్ని గంగాళంలో కలిపి, అలవాటుగా వేలు ముంచబోయాడు. నేను చటుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"నాలిక మీద పెట్టగూడదు నాయనా. మా సారు చెప్పినాడు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వాడు. "సదువుకున్నోళ్లు చెప్తే వినాల గదా," అని పొయ్యి ఎగదోశాడు.

నీళ్లు మరిగాక లడీలు దించాడు. కాసేపటికి కట్టెతో ఎత్తి చూస్తే కట్టెకు బంక తప్ప ఏమీ రాలేదు. ఆ సోడా పట్టునే కరిగించేసిందని నాయనకు అర్థం కాలేదు. రెండోసారి ఎత్తాడు, మూడోసారి కట్టె పారేసి చేతులే పెట్టాడు. అమ్మ వచ్చి లాగేదాకా ఆ మరిగే నీళ్లలో పట్టు కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఆ చేతుల చర్మం నెలరోజులు పొరలుపొరలుగా ఊడింది.

సాయంత్రం షావుకారు వచ్చాడు. గంగాళంలోకి ఒకసారి చూసి, "ఏమప్పా ఇది?" అన్నాడు.

"నా నాలిక సచ్చిపోయిందప్పా," అన్నాడు నాయన. "రుసి తెలీలేదు. పాళ్లు తప్పినాయి."

నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. నాయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. నాలుక చచ్చిన అద్దకందారుకు పట్టు ఎవరిస్తారు? గంగాళాలు పోయాయి, కొట్టం పోయింది. నాయన తన దగ్గర పని నేర్చుకున్నవాడి కొట్టంలోనే నీళ్లు మోసే పనికి కుదిరాడు. అక్కడ సోడా పాళ్లు ఆయన్ను ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత, నాకు ఉద్యోగం వచ్చాక, షావుకారుకు ఇప్పుడైనా నిజం చెబుతానన్నాను. "వద్దులే పాపా. సదువుకున్న పిల్ల ఇట్ల జేసిందంటే ఈ వీధిలో ఎవురూ ఆడపిల్లోళ్లను బడికి పంపరు," అన్నాడు నాయన. అది నన్ను కాపాడటానికి వెతుక్కున్న సాకో, నిజంగానే ఆ పిల్లల కోసమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ మాటను ఆధారం చేసుకుని మళ్లీ ఊరుకున్నాను. అందుకు నా మీద నాకు అసహ్యం.

నాయన పోయాడు, షావుకారూ పోయాడు. నిజం చెబితే తిట్టేవాళ్లు గాని, క్షమించేవాళ్లు గాని ఇప్పుడు ఎవరూ లేరు. ఒక్క పూట సిగ్గు తప్పించుకుందామని ఆ రోజు గడప దగ్గర ఊరుకున్నాను. నలభై ఏళ్లు గడిచాయి, ఆ ఒక్క పూట మాత్రం గడవలేదు.