తెలీదన్న డాక్టరమ్మ

‘నాకు తెలియదు’ అని చెప్పిన డాక్టరు దగ్గరికి మీరు రెండోసారి వెళ్తారా? వెళ్లరు. చెయ్యి పట్టుకోకముందే జబ్బు పేరు చెప్పేవాడే మనకు గొప్ప వైద్యుడు. నేనూ మీలాంటివాణ్ణే, ఎర్రగుంట్లలో ఒక పొద్దున ఆ మాట నా చెవిన పడేదాకా.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నా స్నేహితుడికి అక్కడ బియ్యం అంగడి ఉండేది. దేవుడి విషయంలో మాకిద్దరికీ పడదు, కాఫీ విషయంలో బాగా పడుతుంది. ఆయన కూతురు కర్నూలులో డాక్టరు చదువు ముగించి వచ్చింది. ఆ పిల్ల కోసం అంగడి పక్కనే గది కట్టించి, బోర్డు కూడా రాయించాడు: ‘అన్ని రోగాలకు చికిత్స చేయబడును’. బోర్డు ఇంకా ఎక్కలేదు. గోడకు ఆనించి ఉంది, సిమెంటు దుమ్ము పట్టి.

అంతలో పిల్లకు ఒక ఉత్తరం వచ్చింది. పెద్ద నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రిలో మూడేళ్ల శిక్షణకు సీటు. సోమవారంలోగా ఒప్పుకుంటున్నట్టు రాయాలి. లేకుంటే సీటు ఇంకొకరికి పోతుంది. స్నేహితుడు నన్ను పిలిపించింది అందుకే.

“ఏమప్పా నాస్తికుడా, పాపకు నీ మాటంటే గురి. పోవద్దని నువ్వన్నా చెప్పు. చదివినందుకు వాళ్లే నెలనెలా దుడ్లిస్తారంట! యాడన్నా ఉండాదా ఇట్లా? ఇస్తాండారంటే ఏదో మతలబుండాది.”

“నాయనా, ఊరికే కూర్చోబెట్టి ఇయ్యరు” అంది పిల్ల. “పొద్దున వార్డులో రోగుల్ని చూడల్ల, మధ్యాన్నం పరిశోధన చేయల్ల. అదీ పనే.”

నేను గొంతు సవరించుకున్నాను. ప్రభుత్వ బాధ్యత నుంచి మూఢనమ్మకాల దాకా గంట ఉపన్యాసం నాలుక చివరనే ఉంది. గడపలో కూర్చొని వక్కాకు నములుతున్న స్నేహితుడి తల్లి అడ్డం వచ్చింది.

“ఈయప్ప మొదలుపెడితే పొద్దు గుంకేదాకా ఆపడు. పాపా, ఇట్లా రా. శానా దినాల్నుంచి ఈడ మంట పుడతాంది, చూడు.”

నమిలింది ఉమ్మేసి, నోరు పుక్కిలించి, వేలితో బుగ్గ లాగి చూపించింది. పిల్ల టార్చి వేసింది. నేనూ తొంగి చూశాను. రోజూ పొగాకు ముక్క దాచుకునే చోట తెల్లటి మచ్చ, దాని అంచున ఎరుపు. పిల్ల చాలాసేపు చూసింది.

“ఏంది పాపా?” అన్నాడు తండ్రి.

“నాకు తెలీదు నాయనా.”

ఆయన మొహం మాడిపోయింది. “అన్నేండ్లు చదివి తెలీదంటావా? మన బజార్లో తాయెత్తు కట్టేటోడు గూడా టక్కున చెప్తాడే!”

“చెప్తాడు. ఆయప్పకు అన్నీ తెలుసు. రేపు అవ్వను కర్నూలుకు పిల్చుకోని పోయి, చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించల్ల. నాకు తెలిసింది అంతవరకే. ఇట్లాంటి మచ్చ కొందరికి అట్లే ఉండిపోతాది, కొందరికి క్యాన్సర్ అయితాది. ఎవరికి అయితాదో ముందే పసిగట్టడం ఎట్లా? ఆ సీటుకు అర్జీ పెట్టినప్పుడు, ఏం పరిశోధిస్తానో నేను రాసిన ప్రశ్న అదే.”

నేను ఎన్ని వేదికలెక్కాను, ఎంతమంది బాబాల్ని నిలదీశాను! ఒక్క వాదనలోనైనా ‘తెలియదు’ అన్నానా? బాబాలూ అనలేదు, నేనూ అనలేదు. ఈ పిల్ల కన్నతండ్రి ముందు, కళ్లెదురుగా ఉన్న బోర్డు ముందు అనేసింది.

అవ్వ పకపకా నవ్వింది. “ఆ మాట మీ నాయనకు రాదు. ఈ నాస్తికప్పకు అసలే రాదు. నీకెట్లొచ్చిందే? తెలీదని తెలిసినంక నేర్చుకోవల్ల గదా. పో, పోయి నేర్చుకోని రా. వచ్చేదాకా నేను చావనులే.”

తండ్రి లేచి వెళ్లి బోర్డును గోడవైపు తిప్పి పెట్టాడు. పిల్ల ఆ సాయంత్రమే సీటుకు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది.

పరీక్షలో మచ్చ ఇంకా క్యాన్సర్ కాలేదని తేలింది. పొగాకు మానాలి, తరచూ చూపించుకోవాలి అన్నారు. అవ్వ మానింది, రోజంతా మమ్మల్ని తిడుతూ. పిల్ల ఎర్రగుంట్లలో రైలెక్కిన నెలకు నాకు ఉత్తరం వచ్చింది: “మామా, ఇక్కడ తల నెరిసిన డాక్టర్లు కూడా రోజూ ‘తెలియదు’ అంటారు. అని ఊరుకోరు, అందరూ కలిసి వెతుకుతారు. ఆ వెతుకులాటకే మాకు భృతి!” ఆ వాక్యాన్ని అంగడి ముందు నిలబడి గట్టిగా చదివాను. బస్తాలు దించే హమాలీలు కూడా ఆగి విన్నారు.

మూడేళ్లూ గడిచాయి. ఆమె తిరిగొచ్చింది. ఎర్రగుంట్లకు దగ్గర్లోని వేంపల్లెలో ఆమె మొదటిసారి జనానికి నోటి పరీక్షలు పెట్టిన రోజు వరుసలో ముందు నిలబడింది అవ్వే, నోరు తెరుచుకొని.

మరి మీరు? మీ ఇంట్లో డాక్టరు చదివిన పిల్ల ‘ఇంకా నేర్చుకుంటాను’ అంటే బోర్డు చూపించి ఆపకండి. మీ ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి గడపలోనే నిలబెట్టి, అలాంటి సీట్లకు భృతి ఇవ్వమని అడగండి. ముందుగా, ఈ పేజీ మూసి అద్దం ముందుకు వెళ్లి బుగ్గ లాగి చూసుకోండి. తెల్లగా ఏదైనా కనబడితే, ‘తెలీదు, పరీక్ష చేయిద్దాం’ అనే డాక్టరు దగ్గరికి రేపే పోండి!