ముప్పై రెండోది దాటేదాకా

కోతుల మేడమ్ పోయారు. మొన్న మంగళవారం, భీమిలిలో, నిద్రలోనే. పేపర్లో నాలుగు లైన్లు వేశారు: జువాలజీ లెక్చరర్, జంతు ప్రేమికురాలు, కోతులకు కన్నతల్లిలా తిండి పెట్టి సాకారు అని. చదవగానే ఒళ్లు మండింది. ఆవిడ ఏ కోతికీ ఒక్క వేరుసెనగ పలుకు కూడా పెట్టలేదు. పెట్టినవాణ్ణి నేను. అందుకే ఆవిడ శిష్యులు రాయాల్సిన మాటలు ఈ క్వారీవాడు రాస్తున్నాడు.

ఎనభైల మొదట్లో కూర్మన్నపాలెం వైపు క్వార్టర్లు లేస్తున్నాయి. వాటికి రాయి కావాలి. ఆ రాయి కోసం ఒక కొండని తొలిచే క్వారీలో నేను సైట్ ఇంజినీర్ని. ఆ కొండ మీదే ఓ కోతుల మంద ఉండేది. దాన్ని మేడమ్ అప్పటికే తొమ్మిదేళ్లుగా చూస్తున్నారు. కాలేజీకి సెలవైతే చాలు, భీమిలి నుంచి రెండు బస్సులు మారి ఎండ ముదరకముందే వచ్చేసేవారు. నేత చీర, మగాళ్ల కాన్వాసు బూట్లు, మెడలో బైనాక్యులర్స్. ఏది ఎవరి పిల్ల, ఏది ఎవరికి పేలు చూస్తుంది, ఏ మగది మంద వదిలి పోయింది, అన్నీ రాసుకునేవారు. కోతులకి నంబర్లే, పేర్లు లేవు. "ముద్దుపేరు పెడితే ముద్దే కనిపిస్తుందండీ, కోతి కనిపించదు" అనేవారు.

మేం దిగాక, కొండే పోతోంది కదా, వేరే పని చూసుకోమని కాలేజీలో చెప్పారట. "కొండ పోతుంటే కోతులేం చేశాయో ఎవరు రాస్తారు? రేపు ఏమీ జరగలేదంటారు" అని నా మొహం మీదే అన్నారు. నన్ను పర్మిషన్ అడగలేదు. పేలుడు టైములు అడిగారు.

నేనేమో పుణ్యం మూటగట్టుకుందామనుకున్నాను. మందని అవతలి వైపు మళ్లిద్దామని కూలీల చేత వారం రోజులు అరటిపళ్లు వేయించాను. తెలిసి ఆవిడ మండిపడ్డారు.

"తిండి పెట్టినవాడి వెంట పడతాయి. మీ మనుషుల వెనకే క్వారీ గోతిలోకి దిగుతాయి. అప్పుడేం చేస్తారు?"

నవ్వేశాను. పదిహేను రోజులు తిరక్కుండానే కోతులు కూలీల క్యారేజీల చుట్టూ చేరాయి.

ఓ పొద్దున మందు దట్టించి ఎర్రజెండా ఊపాం. మంద అవతలి గట్టుకి దాటింది. మేడమ్ మాత్రం గోతి అంచున బండ మీంచి లేవలేదు.

"లెగండమ్మా! ఏటి సేత్తన్నారక్కడ? మందెట్టీసినాం!" అని మేస్త్రి అరిచాడు.

"ముప్పై ఒకటే దాటాయి. ఇంకోటి లోపలే ఉంది."

"ఒక్క కోతి కోసం పని ఆపాలా మేడమ్?" అన్నాను.

"ఆపకండి. నేనిక్కడే ఉన్నానని తెలిసే పేల్చండి."

గొంతు కూడా పెంచలేదు. ఆ కోతిని గోతిలోకి రప్పించింది నా అరటిపళ్లే. సిగ్గేసింది. కింద లారీలు బారులు తీరాయి. ముప్పావుగంట గడిచాక రిజిస్టర్ తీసి, ఆలస్యానికి కారణం అన్న గడిలో "కోతి ఇంకా దాటలేదు" అని రాశాను. తర్వాత దానికి మెమో వచ్చింది. జవాబులోనూ అదే రాశాను.

చివరికి మేస్త్రే ముందు చూశాడు. "అదిగోనమ్మా! కంప్రెసర్ ఎనకాల! వచ్చేత్తంది!"

ఓ ముసలిది, ఎవరిదో క్యారేజీ మూత పట్టుకుని తీరిగ్గా గట్టెక్కింది. మేడమ్ వాచీ చూసి టైం రాసుకున్నారు. చీర దులుపుకుని లేచి, ఇక కానివ్వమన్నట్టు చెయ్యెత్తారు.

కొండ సగమయ్యేదాకా వచ్చారు. అదంతా రాశారు, నా అరటిపళ్లతో సహా. మందలో ఏవి పోయాయో, ఎప్పుడు పోయాయో ఆవిడ రాయబట్టే ఇవాళ ఎవరూ కాదనలేరు. పేపరువాళ్లకి ఇది ప్రేమట!

కాలేజీ ఉండి ఆవిడ రాలేని రోజుల్లో మేస్త్రి జెండా చంకలో పెట్టుకుని, గట్టువైపు వేలు చూపిస్తూ తనే లెక్కపెట్టేవాడు. ముప్పై... ముప్పైయొకటి... అని ఆగేవాడు. పేల్చమని ఊదాల్సిన ఈల నోటి దగ్గరే పట్టుకుని, గోతిలోకి చూస్తూ అలాగే నిలబడేవాడు.