బాబాయి కొబ్బరికాయ

అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడవడం, అది లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పడం మా బాబాయి విద్య. రేపల్లెలో మేం ఇల్లు కట్టుకుంటుంటే, బోరుకు చోటు చూడ్డానికి తెనాలి నుంచి వచ్చాడు. కాయ తూర్పు మూల లేచింది. నాకు నమ్మకం కుదరక, కళ్లకు తువ్వాలు కట్టి మళ్లీ నడిపించాను. ఈసారి పడమర లేచింది.

“ఏంటి బాబాయ్, ఇందాక తూర్పన్నావుగా?”

“అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయిరా.”

నిజమే. మా వైపు ఎక్కడ తవ్వినా నీళ్లే. అవి మంచినీళ్లా, ఉప్పునీళ్లా అన్నదే తేలాలి. ఆ సంగతి కాయనడగమన్నాను.

“రుచి మన శాఖ కాదురా” అన్నాడు.

పడమరే బోరు వేయించాం. నీళ్లు ఎగజిమ్మాయి. దోసిలి పట్టి నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేశాను.

“పడ్డాయా, లేదా?” అంటూ బాబాయి గర్వంగా సంచి విప్పి, తెనాలి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ల సీసా నా చేతికిచ్చాడు.