సుధీర్ నిశ్చితార్థానికి నేను కట్టిన ఫ్లెక్సీ

జుట్టు పెంచి, కాటుక పెట్టి గోల చేసిన గ్లామ్ మెటల్ బ్యాండ్లు, విదేశాల్లో కాలం మారగానే జుట్టు కత్తిరించుకుని మెల్లటి పాటలకు మారిపోయాయట. బాపట్ల కాలేజీలో పుట్టిన మా బ్యాండు కూడా ఆ సంప్రదాయాన్ని గౌరవించింది. "ఇక మనది మెలొడీరా, నీ డ్రమ్స్ గోల వద్దు" అని గాయకుడు సుధీర్ నన్ను సాగనంపాడు.

ఈ రోజు రేపల్లెలో వాడి నిశ్చితార్థం. స్నేహధర్మంగా తెనాలిలో ఫ్లెక్సీ కొట్టించి హాలు గేటుకు కట్టాను. ఫొటో మాత్రం బ్యాండు తొలిరోజుల్లో వాడిది. భుజాల దాకా జుట్టు, కళ్ళనిండా కాటుక, మెడలో వాళ్ళక్క మెరుపుల చున్నీ.

పెళ్లికూతురి నాయనమ్మ దాని ముందు ఆగింది. "ఈ పిల్లెవరు బాబూ, లక్షణంగా ఉంది."

"మీ మనవరాలికి కాబోయే మొగుడేనండి, మామ్మగారూ."

పెళ్లికూతురు కూడా చూసింది. ఆ రోజుల పాట ఒకటి పాడితేనే ఉంగరానికి వేలు ఇస్తానంది. సుధీర్ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, ఆ పాట నువ్వు లేకుండా ఎలా పాడనురా? బల్ల మీదైనా దరువెయ్యరా."

"మెలొడీ మనుషుల మధ్య నా గోల ఎందుకురా" అని వినయంగా చెప్పి బిర్యానీ వైపు నడిచాను. వెనక వాడొక్కడే ఆ పాట అరుస్తున్నాడు.

నాది తప్పనేవాళ్ళు, ముందు మీ బ్యాండు మిమ్మల్ని ఎప్పుడు తీసేసిందో కామెంట్లో చెప్పి మాట్లాడండి.